గోధుమపై అనుమానం.. గ్రాముల్లో రుజువు

ప్రాజెక్టు వైవాలో ‘నాకలా అనిపించింది సార్’ అంటే ఒప్పుకోరు కదా! డచ్ పిల్లల డాక్టర్ విల్లెమ్ కారెల్ డికె (1905-62) ఆ మాట దగ్గర ఆగలేదు. తిన్నది ఒంటబట్టక చిక్కిపోయే సీలియాక్ పిల్లలను చూసి, గోధుమను అనుమానించారు. 1944-45 కరవులో రొట్టె దొరక్క నెదర్లాండ్స్ అల్లాడుతుంటే, ఈ పిల్లలు తేరుకున్నారు. అనుమానం బలపడింది. అయినా సరిపెట్టుకోలేదు. గోధుమ పెట్టి చూశారు, మాన్పించి చూశారు. మలంలో పోయే కొవ్వును సహచరులతో కలిసి కొలిచారు. 1950లో ఉట్రెక్ట్ వర్సిటీకి థీసిస్ ఇచ్చారు. అసలు దోషి గ్లూటెన్ అని ఆ తర్వాత తేలింది.

ఆయన పోయిన నాలుగేళ్లకు, 1966లో, సీలియాక్ రోగుల్లో నరాల సమస్యలను బ్రిటన్ వైద్యులు వివరించారు. గ్లూటెన్ వల్ల నడక తూలేవారికి నేటికీ ప్రధాన చికిత్స ఆ పథ్యమే. మీ ఐడియానూ ఓసారి కొలిచి చూడండి.