గొంతులో వణుకే వరమైన తలత్ మహమూద్

పాట నేర్చుకునేవాళ్లకు ముందుగా చెప్పేది గొంతు వణకకూడదనే. తలత్ మహమూద్ గొంతు మాత్రం వణికేది. ఆ వణుకే చివరకు ఆయనకు గుర్తింపు తెచ్చింది.

1924 ఫిబ్రవరి 24న లక్నోలో పుట్టిన తలత్‌కు చిన్నప్పటి నుంచీ పాటంటే పిచ్చి. ఊళ్లో మెహఫిల్ జరిగితే తెల్లవార్లూ కూర్చుని ఉస్తాదులను వినేవారు. సైగల్ పాటంటే ప్రాణం. ఇంట్లో మాత్రం పిల్లాడు పాటగాడవుతానంటే ఒప్పుకునే పరిస్థితి లేదు. మేనత్త ఒక్కరే వెన్నుతట్టారు. అలా మారిస్ సంగీత కాలేజీలో చేరి, పండిట్ ఎస్.సి.ఆర్. భట్ దగ్గర శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారు.

1939లో, ఇంకా పదహారేళ్లు నిండకుండానే, ఆలిండియా రేడియో లక్నో కేంద్రంలో మీర్, దాగ్, జిగర్ గజళ్లు పాడటం మొదలుపెట్టారు. అప్పట్లో రేడియోలో పాటంటే చాలావరకు లైవే. తప్పు పోతే దిద్దుకునే వీలు లేదు. పైగా మెహఫిల్‌లో లాగా చివరి వరుసకు వినిపించేలా గొంతెత్తితే మైక్ ఒప్పుకోదు. దగ్గరగా కూర్చుని, ఊపిరి చప్పుడు కాకుండా, ఉర్దూ మాట ఒక్కటీ నలగకుండా మెల్లగా పాడాలి. తలత్ గొంతుకు అచ్చంగా సరిపోయే పద్ధతి అది. 1941లో హెచ్.ఎం.వి. రికార్డు వచ్చింది. తర్వాత కలకత్తా వెళ్లి తపన్ కుమార్ పేరుతో బెంగాలీ పాటలూ పాడారు.

సినిమాలా, ఇల్లా తేల్చుకోమన్నారు ఇంట్లోవాళ్లు. తలత్ సినిమాలవైపే వెళ్లారు. మళ్లీ ఇంటివాళ్లు దగ్గరకు తీయడానికి దాదాపు పదేళ్లు పట్టిందంటారు.

1949లో బొంబాయి చేరాక ఇంకో చిక్కు. భయంతో గొంతు వణుకుతోందని అక్కడ కొందరు పెదవి విరిచారు. దాంతో తలత్ వణుకును అణచిపెట్టి పాడటం మొదలుపెట్టారు. సంగీత దర్శకుడు అనిల్ బిశ్వాస్‌కు అది నచ్చలేదట. తనకు కావాల్సిందే ఆ వణుకని, అది లేకపోతే ఈ గొంతు తలత్‌దే కాదని గట్టిగా చెప్పారట. అలా 1950లో ‘ఆర్జూ’లో దిలీప్ కుమార్‌కు పాడిన పాటతో తలత్ పేరు దేశమంతా మారుమోగింది.

1959లో వచ్చిన ‘సుజాత’ చూసినవాళ్లకు తెలుసు, హీరో సునీల్ దత్ టెలిఫోన్‌లో పాడే పాట ఎంత మెల్లగా సాగుతుందో. ఫోన్‌లో ఎవరైనా గట్టిగా పాడతారా? లక్నో స్టూడియోలో మైక్ ముందు నేర్చుకున్నదే అక్కడ పనికొచ్చింది. అదే ఏడాది మన రమేశ్ నాయుడు సంగీతంలో ‘మనోరమ’ కోసం తెలుగులోనూ పాడారు. నటుడిగానూ పదికి పైగా సినిమాలు చేశారు గానీ జనం గుర్తుపెట్టుకున్నది గొంతునే.

1992లో పద్మభూషణ్ అందుకున్న తలత్ 1998 మే 9న ముంబైలో కన్నుమూశారు. పాత పాటలు ఇష్టపడేవాళ్లు నేటికీ ఆయన్ను గజల్ షెహన్‌షా అనే పిలుస్తారు.