మిల్టను మహాకవి భార్యాస్మృతి

మిల్టను పేరు వినినంతనే మనకు స్ఫురించునది ఆయన పండ్రెండు సర్గల మహాకావ్యము. మేమిచట ముచ్చటింపదలచినది ఆయన వ్రాసిన పదునాలుగు పాదముల చిన్న పద్యమును, దాని వెనుకనున్న దుఃఖమును మాత్రమే.

జాన్ మిల్టను 1608వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన లండను నగరమున జన్మించెను. బాల్యమునుండియు అర్ధరాత్రము వరకు దీపము చెంత చదువుట ఆయనకు అలవాటు. కేంబ్రిడ్జిలో విద్య ముగించి, 1649వ సంవత్సరమున నూతన ప్రజాప్రభుత్వమునకు లాటిను భాషా కార్యదర్శి యయ్యెను. వైద్యులు వారించినను వినక ఆ ప్రభుత్వ పక్షమున గ్రంథములు వ్రాయుచు కన్నులను పోగొట్టుకొనెను.

1652వ సంవత్సరము ఆయనకు మిగుల క్రూరమైనది. అప్పటికి చూపు పూర్తిగా నశించెను. మే నెలలో మొదటి భార్య మేరీ పౌవెలు నాలుగవ బిడ్డను కని మూడు దినములకే మరణించెను. మరికొన్ని వారములకు ఏకైక కుమారుడును పోయెను. తల్లిలేని మువ్వురు ఆడుబిడ్డలతో అంధుడైన తండ్రి మిగిలెను.

1656వ సంవత్సరము నవంబరు 12వ తేదీన ఆయన కేథరిన్ వుడ్‌కాకును వివాహమాడెను. మరుసటి యేడు అక్టోబరులో వారికొక కుమార్తె కలిగెను. 1658వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన కేథరిన్ కన్నుమూసెను. ఆరు వారములలో శిశువును ఆమెను అనుసరించెను. పదునైదు మాసములు నిండని కాపురము! ఆమె ముఖమును మిల్టను ఒక్కమారైనను చూచియుండడని పలువురి యభిప్రాయము.

పద్యమునందలి విషయ మిది. నిద్రలో మృతభార్య ఆయన యెదుట నిలిచెను. ఆమె వస్త్రము తెల్లనిది, ముఖముపై ముసుగు గలదు. గ్రీకుల కథలోని ఆల్సెస్టిసు వలె ఆమె మృత్యువునుండి మరలి వచ్చినట్లు ఆయనకు తోచెను. మన సావిత్రి యముని వెంబడించి భర్తను దెచ్చుకొనెను. ఆల్సెస్టిసు భర్తకు మారుగా తానే ప్రాణమిచ్చెను. హెరాక్లీసు ఆమెను విడిపించి ముసుగుతో తెచ్చి యప్పగింపగా, ఆ ముసుగు తొలగినంతట భర్త భార్యను గుర్తించెను. మిల్టనునకు ఆ భాగ్యము లేదు. ఆమె కౌగిలింపవచ్చునంతలో మెలకువ వచ్చెను. లోకమునకెల్ల వెలుతురు దెచ్చు ఉదయము ఆయనకు మరల చీకటినే తెచ్చెను.

కాళిదాసు రఘువంశమున ఎనిమిదవ సర్గలో అజమహారాజు ఇందుమతిని ఒడిలో నుంచుకొని దీర్ఘముగా విలపించును. ఆమె ముంగురులు గాలికి కదలగా తిరిగి బ్రతికెనేమోయని ఆశపడును. అజుని శోకమంతయు కన్నుల యెదుటనున్న ముఖమును ఆశ్రయించినది. మిల్టనునకు తలచుకొనుటకైనను ముఖము లేదు. కావుననే ఆయన విలాపము దీర్ఘము కాలేదని మాకు తోచుచున్నది. స్వప్నమున సైతము ముసుగు తొలగకపోవుట కల్పన కాదు. ఆయన ఎరిగినంతయే వ్రాసెను.

ఈ పద్యము మొదటి భార్యను గూర్చినదని వాదించు పండితులును గలరు. మేము కేథరిన్ పక్షమే వహింతుము. మోషే ధర్మశాస్త్రమున చెప్పిన ప్రసవానంతర శుద్ధీకరణమును కవి ఇందు స్మరించెను. లేవీయకాండము ప్రకారము ఆడుబిడ్డను కనిన తల్లికి ఆ గడువు 80 దినములు. మేరీ ప్రసవించి మూడు దినములే జీవించెను. కేథరినుకు మూడు మాసములు దాటిన పిదప మరణము వచ్చెను. అదిగాక కేథరిన్ అను నామమునకు గ్రీకు భాషలోని నిర్మలత్వమను నర్థమును చెప్పుదురు. తెల్లని వస్త్రమునకు అంతకంటె తగిన పేరేది?

1663వ సంవత్సరమున మిల్టను ఎలిజబెత్ మిన్‌షలును మూడవ భార్యగా గైకొనెను. నాలుగేండ్లకు మహాకావ్యము వెలువడెను. ఈ చిన్న పద్యమును మాత్రము ఆయన 1673వ సంవత్సరమువరకు అచ్చువేయింపలేదు. మరుసటి నవంబరులో ఆయన మరణించెను. కేథరిన్ సమాధి వెస్ట్‌మినిస్టరులోని సెయింట్ మార్గరెట్ దేవాలయమున నున్నది. ఆయనను క్రిపిల్‌గేటులోని సెయింట్ గైల్సు దేవాలయమున తండ్రి చెంత పాతిపెట్టిరి. ఆ దినము నవంబరు 12వ తేదీ. పదునెనిమిదేండ్ల క్రిందట కేథరిన్ ఆయన చేయి పట్టిన దినము.