ఇంజన్ ఇప్పి నేర్చుకున్న జి.డి. నాయుడు గారి జీవిత చరిత్ర



మన గోడ పత్రికలో గాంధీ గారు, అంబేద్కర్ గారు, కొమురం భీం గారి జీవిత చరిత్రలు చాలాసార్లు వచ్చినవి. అవి అందరం చదివినం. ఈసారి నేను ఒక మెకానిక్ జీవిత చరిత్ర రాస్తున్నాను. చేతులకు గ్రీజు అంటిన మనిషి గురించి కూడా మనం తెలుసుకోవాలి గదా.

ఆయన పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. అందరు జి.డి. నాయుడు అంటరు. 1893 మార్చి 23న తమిళనాడులో కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టినారు. ఊరు తమిళ ఊరే గాని వాళ్ల ఇంట్లో మాట తెలుగు. తెలుగు దేశం నుండి వందల ఏండ్ల కింద అటు పోయి, వ్యవసాయం చేసుకొని బతికే కుటుంబాలు అక్కడ చాలా ఉన్నవి. వాళ్ల నాయన రైతు. తల్లి ఆయన పసిపిల్లవాడుగా ఉన్నప్పుడే చనిపోయింది. ఆయనకు బడి అంటే అసలే పడలేదు. మూడో తరగతి దాకా చదివి మానేసినారు.

ఒకనాడు ఒక ఇంగ్లీషు ఆఫీసరు సైకిల్ మోటరు మీద ఆ దిక్కు వచ్చినాడు. అది 1912లో తయారైన రడ్జ్ కంపెనీ బండి. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి ఎట్ల ఉరుకుతుంది అని నాయుడు గారికి ఆశ్చర్యం అయింది. అట్లాంటిది నాకు ఒకటి కావాలి అనుకున్నారు. ఊరు విడిచి కోయంబత్తూరు పోయి ఒక హోటల్లో సర్వరుగా పని చేసినారు. పైసా పైసా జమ చేసి చివరికి ఆ బండినే కొన్నారు. కొన్నంక షికారు తిరగలేదు. మొత్తం బండి ఇప్పేసినారు. ఒక్కొక్క సామాను ఎక్కడ ఉంది, ఎందుకు ఉంది అని చూసి మళ్లీ బిగించినారు. అట్ల ఇప్పుడు, బిగించుడుతోనే మెకానిక్ అయినారు.

ఇప్పుడంటే పానాతో నట్టు తిప్పుడు ఒక్కటే కాదు. మా చిన్నాయన చెట్లు కోసే పెట్రోల్ రంపం మిషన్‌తో కూలికి పోతడు. నీలగిరి చెట్లు, సుబాబుల్ చెట్లు కోస్తడు. మిషన్ గుంజకపోతే గోనెసంచి పరిచి ఇప్పుతడు. ఏది ముందు ఇప్పిండో అది మొదట, తర్వాతది దాని పక్కన, వరుసగ పెడతడు. బిగించేటప్పుడు ఆ వరుస ఎనుకకు వస్తే చాలు. ముందు గాలి జాలీ చూస్తడు. కట్టెపొట్టు నిండితే ఇంజన్‌కు గాలి అందదు. తర్వాత ప్లగ్గు చూస్తడు. తర్వాత పొగ పోయే తొవ్వ చూస్తడు. అక్కడ మసి గడ్డకడితే కాలిన పొగ బయటికి పోదు, కొత్త పెట్రోలు, గాలి లోపలికి సరిగ రావు. పిస్టన్ రింగు అరిగితే బలం పక్కల నుండి పోతది. ఇవన్ని సరిచేస్తే పాత మిషన్ కొత్త దాని లెక్క గుంజుతది.

కొంతమంది ఇంకా ఎక్కువ గుంజాలని పొగ పోయే తొవ్వను ఆకురాయితో వెడల్పు చేస్తరు. అప్పుడు పెట్రోలు కూడా దానికి తగ్గట్టు సరిచేయాలి. ఎందుకంటే రంపం మిషన్‌ల ఇంజన్ ఆయిలును పెట్రోల్‌లోనే కలిపి పోస్తరు. పెట్రోలు తక్కువ పోతే ఆయిలు కూడా తక్కువే పోతది. ఇంజన్ వేడెక్కి పిస్టన్ గీసుకపోతది. ఒకటి మారిస్తే ఇంకోటి కూడా మార్చాలి. ఇది మన సైన్సు పుస్తకంల లేదు గాని ఇది కూడా సైన్సే. జర్మనీలో స్టిల్ అనే ఆయన 1929లో చేసిన పెట్రోల్ రంపం 46 కిలోలు ఉండెనట, ఇద్దరు మోయాలె. 1950కి వచ్చేసరికి ఒక్క మనిషి పట్టుకునే రంపం చేసిండ్రు. ఇప్పి చూసేవాళ్లు, మార్చేవాళ్లు ఉంటేనే అట్ల అయితది.

మళ్లీ నాయుడు గారి దగ్గరికి వద్దాము. ఆయన పత్తి వ్యాపారం చేసి కొంత సంపాదించినారు. బొంబాయి పోయి ఆ వ్యాపారంలోనే అంతా పోగొట్టుకున్నారు. ఇంటికి వచ్చి ఊరుకోలేదు. కోయంబత్తూరులో రాబర్ట్ స్టేన్స్ అనే ఇంగ్లీషు మిల్లు యజమాని దగ్గర పనికి కుదిరినారు. ఆ దొర ఈయన పనితనం చూసి నాలుగు వేల రూపాయలు అప్పు ఇచ్చినాడు. ఈయన ఇంకో నాలుగు వేలు కూడబెట్టి 1920లో ఒక బస్సు కొన్నారు. పొల్లాచి నుండి పళనికి తనే నడిపినారు. పళని అంటే గుట్ట మీద సుబ్రహ్మణ్య స్వామి గుడి ఉన్న ఊరు. మన కొండగట్టు అంజన్న దగ్గరికి మంగళవారం, శనివారం జనం ఎట్ల వస్తరో అక్కడ కూడా అట్లనే వస్తరు. ఒక్క బస్సుతో మొదలుపెట్టి 1933 వరకు దాదాపు 280 బస్సులు చేసినారు. దాని పేరు యూనివర్సల్ మోటర్ సర్వీస్, అంటే యు.ఎం.ఎస్.

గుట్ట దగ్గర ఉండేటోళ్లకు బస్సు అంటే ఏందో చెప్పనక్కర లేదు. 2018 సెప్టెంబర్ 11 మంగళవారం నాడు మన కొండగట్టు ఘాట్ రోడ్డు మీద బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయినారు. చుట్టుపక్కల ఊర్లలో ఇప్పటికి ఆ మాట వస్తే పెద్దవాళ్లు ఏడుస్తరు. బండి నడపడం, బండి బాగుచేయడం చిన్న పని అని ఎవరన్న అంటే నేను ఒప్పుకోను. ఎక్కినోళ్ల ప్రాణాలన్ని ఆ పని మీదనే ఉంటయి.

నాయుడు గారు బస్సులతో ఆగలేదు. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి ఎలక్ట్రిక్ మోటరు తయారు చేసినారు. మన దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటరు అదే అని చెప్తరు. ఈనాడు కోయంబత్తూరు మోటర్లకు, పంపులకు పేరు పొందిన ఊరు. మన చేన్ల కాడ బోరు మోటర్ల మీద ఆ ఊరు పేరు రాసి ఉంటది, ఈసారి సెలవులకు పోయినప్పుడు చూడండి. ఇంకా సెల్లులతో నడిచే గడ్డం గీసుకునే మిషన్, గాసునూనెతో తిరిగే ఫ్యాను, పండ్ల రసం తీసే మిషన్, దొంగ ఓట్లు పడకుండా ఓట్లు లెక్కించే మిషన్ చేసినారు. 1941లో ఐదు వాల్వుల రేడియో 70 రూపాయలకే ఇస్తానన్నారు. 1952లో ఇద్దరు కూర్చునే కారు రెండు వేల రూపాయలకు వచ్చేటట్టు తయారు చేసినారు. సర్కారు దానికి లైసెన్సు ఇయ్యలేదు. అట్ల ఆ కారు రోడ్డు ఎక్కలేదు. ఇది చదివినప్పుడు నాకు చాలా బాధ అయింది.

1945లో ఆయన చొరవతో కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీ మొదలైనవి. వాటికి అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు పెట్టినారు. మూడో తరగతి చదివిన ఆయన ఇంజనీరింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయినారు! చేతితో పని చేయిస్తే నాలుగేండ్ల చదువు రెండేండ్లలో వస్తది అని ఆయన అభిప్రాయం. సర్కారు ఒప్పుకోలేదు. ఆయన ఆ పదవి విడిచినారు. ఆ కాలేజీ ఇప్పుడు సర్కారు సాంకేతిక కాలేజీగా నడుస్తున్నది. 1974 జనవరి 4న నాయుడు గారు స్వర్గస్థులైనారు. 2025లో కోయంబత్తూరులో అవినాశి రోడ్డు మీద కట్టిన పది కిలోమీటర్ల వంతెనకు ఆయన పేరు పెట్టినారు.

ఇప్పుడు అసలు మాట. ఈ చరిత్ర నేను ఇంట్ల చెప్తే మా చిన్నాయన, మూడో తరగతి చదివి అంత గొప్పోడైతే నీకు పది చాలు గదా బిడ్డా అన్నడు. మా అవ్వ, బాపు బడి మొఖం చూడలేదు, వాళ్లకు కూడా ఆ మాట సరే అనిపించింది. నేను చాలా ఆలోచించిన. నాయుడు గారికి ఇంటి కాడ భూమి ఉండె. పని చూసి నాలుగు వేలు అప్పు ఇచ్చిన దొర దొరికినాడు. మనకు ఎవరు ఇస్తరు? గూడెం పిల్ల ఇంజన్ బాగుచేస్తా అంటే ఎవరు నమ్ముతరు? మనకు నమ్మకం తెచ్చేది సర్టిఫికెట్టే. ఇంకోటి, ఆయన బడి మానేసిండు గాని నేర్చుకునుడు మానలేదు. పైగా తన పేరు వచ్చినంక పెట్టించింది కాలేజీలే. చదువు అక్కర లేదు అనుకుంటే ఎందుకు పెట్టిస్తరు? ఈ మాటే మా బాపుకు చెప్పిన. బాపు ఇంకా ఏమి అనలేదు.

పదో తరగతి అయినంక పాలిసెట్ రాసి పాలిటెక్నిక్ పోవచ్చు. ఐ.టి.ఐ.లో మోటర్ మెకానిక్, డీజిల్ మెకానిక్ ట్రేడులు ఉన్నవి. అవి మొగపిల్లలకే అని ఎక్కడ రాసి లేదు. మనమే అట్ల అనుకుంటున్నము.

వార్డెన్ మేడం గారికి నా మనవి. మన హాస్టల్ బోరు మోటరు చెడిపోయి మెకానిక్ వచ్చినప్పుడు మమ్మల్ని గదుల్లోకి పంపకండి. ఇద్దరు ఇద్దరుగ నిలబడి చూడనియ్యండి. దూరం నుండే చూస్తము, కరెంటు తీగ ముట్టము. వరుసగ పెట్టిన సామాన్ల బొమ్మ గీసి, పేర్లు రాసి, వచ్చే నెల గోడ పత్రికలో పెడతాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని