ఆచార్య శేషాద్రి

విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములందు బాటల ప్రక్కను, గెడ్డల యొడ్డునను కానుగచెట్లు విరివిగా పెరుగును. మా బాల్యమున గజ్జి లేచిన పిల్లవానికి మొదటి వైద్యము కానుగనూనెయే. ఆ కంపు ఎంతకును వదలెడిది కాదు. బడిలో ప్రక్కవాడు దూరముగా జరిగి కూర్చుండెడివాడు. ఆ గింజలో నున్న పదార్థము లెట్టివి? ఈ ప్రశ్నను రసాయనశాస్త్రమార్గమున శోధించినవారిలో ఆచార్య టి. ఆర్. శేషాద్రి ముఖ్యుడు.

ఈయన 1900వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన కావేరీతీరమందలి కుళిత్తలైలో జన్మించెను. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, 1927లో ఇంగ్లండునకు వెళ్లి, మాంచెస్టరులో రాబర్టు రాబిన్సనునకు శిష్యుడై 1929లో డాక్టరు పట్టము నందెను. తిరిగివచ్చి కొంతకాలము కోయంబత్తూరులో మన్నులను పరీక్షించుచుండెను. పిదప వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనను రసాయనశాస్త్రశాఖకు పిలిచెను.

జయపుర మహారాజు విక్రమదేవవర్మ ఏటేట నొసగిన లక్షరూపాయల విరాళము అచ్చటి విజ్ఞానకళాశాలకు ఆధారము. శాఖ క్రొత్తది. దొరలదేశమునుండి వస్తువులు వచ్చువరకు వేచియుండుట శేషాద్రికి సమ్మతము కాదు. ప్రత్తిపూవుల రంగులు, చెట్ల బెరళ్లు, గింజలు, చుట్టుప్రక్కల దొరకునవే ఆయనకు పరిశోధనద్రవ్యములైనవి.

విత్తు తడినేలలో పడియుండును. దానిని కుళ్లజేయు సూక్ష్మజీవులును, తొలుచు పురుగులును అనేకము. కాలుసేతులు లేని విత్తునకు చేదు, ఘాటు గల పదార్థములే కవచము. కానుగనూనెను నిలువయుంచిన అడుగున స్ఫటికములు పేరుకొనును. వానిలోని కరంజినును మహారాష్ట్రుడైన లిమయే మునుపే వేరుపఱచియుండెను. కరంజమన సంస్కృతమున కానుగయే. శేషాద్రియు, ఆయన సహచరుడు రంగస్వామియు ఆ గింజనుండియే పొంగమాల్ అను వేఱొక పదార్థమును వెలికితీసి, దాని నిర్మాణమును శోధించిరి. ఈ పేరునకు మూలము కానుగకు తమిళులు పెట్టిన పేరైన పుంగము.

ఇట్లుండగా యుద్ధము వచ్చెను. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసెను. పరిషత్తు భవనములు సైన్యము వశమైనవి. పరిషత్తు గుంటూరునకు తరలెను. ఎన్నో యేండ్లు శ్రమించి కూర్చుకొన్న ప్రయోగశాల చేజారినను శేషాద్రి శిష్యులను చెదరనీయలేదు. తాత్కాలికపు వసతులలోనే పని సాగించెను.

1949లో ఆయన ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు వెడలెను. 1960లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వమును, 1963లో పద్మభూషణ బిరుదమును లభించెను. 1975 సెప్టెంబరు 27న కీర్తిశేషుడయ్యెను.

కానుగనూనెయు, గింజల సారమును కొన్ని బాక్టీరియాల వృద్ధిని అడ్డగించునని తరువాతివారు ప్రయోగశాలలలో కనుగొనిరి. అయినను అది పెన్సిలినువంటి మందు కాదు. లోనికి పుచ్చుకొనిన హానికరము. మా అవ్వ యీ రసాయనముల పేళ్లు విని యెఱుగదు గాని, నూనెసీసాను మాత్రము పిల్లలకు అందని యటుకమీదనే దాచెడిది.