మట్టినీటిలో క్రమాన్ని దర్శించిన లాంగ్మ్యూర్

విద్యుద్దీపానికి మన్నిక కలిగించిన శాస్త్రవేత్తగా ఇర్వింగ్ లాంగ్మ్యూర్ పేరు లోకప్రసిద్ధం. బంకమట్టి కలిపిన నీటిలో ఆయన చూసిన వింత మాత్రం అంతగా ప్రచారం పొందలేదు.

లాంగ్మ్యూర్ 1881 జనవరి 31న అమెరికాలోని బ్రూక్లిన్‌లో జన్మించారు. పదకొండవ ఏట గాని ఆయన చూపు మందమన్న సంగతి బయటపడలేదు. ఆ లోపం సరిదిద్దిన పిమ్మట, అంతవరకు మసకగా ఉన్న ప్రకృతి వివరాలు తేటపడి, పరిశీలనాసక్తి ఇనుమడించింది. కొలంబియా విశ్వవిద్యాలయంలో 1903లో లోహశాస్త్ర పట్టా, జర్మనీలోని గోటింగెన్‌లో 1906లో డాక్టరేటు పొందారు. 1909లో షెనెక్టడీలోని జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో చేరారు.

ఆనాటి బల్బులు లోపల నల్లబడేవి. టంగ్‌స్టన్ తీగ వేడికి ఆవిరై గాజుకు అంటుకోవడమే కారణమని ఆయన తేల్చారు. బల్బులో నైట్రోజన్, ఆర్గాన్ వంటి వాయువులు నింపి, తీగను చుట్టగా మలిచి ఆ నష్టాన్ని తగ్గించారు. ఉపరితల రసాయనశాస్త్రంలో చేసిన కృషికి 1932లో నోబెల్ బహుమతి లభించింది.

1938లో ఆయన కాలిఫోర్నియా బెంటొనైట్ మట్టిపై తన పరిశీలనలను ప్రకటించారు. ఆ మట్టి రేణువులు అతి పలుచని పలకలు. నీటిలో కొద్దిపాటిగా కలిపి కదపకుండా ఉంచగా, ద్రవం రెండు పొరలుగా విడిపోయింది. ధ్రువక పలకల నడుమ పెట్టి చూడగా పై పొర చీకటిగా, కింది పొర వెలుగుతూ కనిపించాయి. కింది పొరలోని రేణువులు తమలపాకుల కట్టలోని ఆకులవలె ఒకే ముఖంగా అమరాయన్నమాట. ద్రవమై పారుతూనే స్ఫటికం వలె క్రమం పాటించే ఈ స్థితినే ద్రవస్ఫటికం అంటారు.

రేణువులపైని విద్యుదావేశాలే దీనికి మూలమని లాంగ్మ్యూర్ భావించారు. 1949లో లార్స్ ఆన్సాగర్ మరో మార్గం చూపారు. రేణువులన్నీ ఒకే దిశకు తిరిగితే ఒక్కొక్కదానికి కదిలేందుకు ఎక్కువ చోటు దొరుకుతుందని, కనుక ఆకారమే క్రమాన్ని పుట్టించగలదని గణితపూర్వకంగా నిరూపించారు. పరీక్షించబోతే చిక్కు వచ్చింది. మట్టి పలకలు ఒకదానికొకటి అతుక్కొని, క్రమం ఏర్పడకముందే ద్రవం ముద్దగా గడ్డకట్టేది. ఈ చిక్కు తీరకముందే, 1957 ఆగస్టు 16న వుడ్స్‌హోల్‌లో లాంగ్మ్యూర్ కన్నుమూశారు.

పరిష్కారం 1998లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో లభించింది. వాన్ డెర్ కూయ్, లెకర్‌కెర్కర్ గిబ్‌సైట్ పలకలకు పాలిమర్ పూత పట్టించి టోలుయీన్ ద్రవంలో కలిపారు. పూత వల్ల పలకలు అతుక్కోలేదు. ద్రవం రెండు పొరలుగా విడిపోయింది. ఆకారమే చాలునన్న మాట స్థిరపడింది. 2006లో నాంట్రొనైట్ అనే సహజ బంకమట్టిలో, అదీ నీటిలోనే, ఆ విభజన స్పష్టంగా రుజువై లాంగ్మ్యూర్ చూపునకు సాక్ష్యం పలికింది.

గిబ్‌సైట్ మన సరిహద్దులకు కొత్తది కాదు. కోరాపుట్ జిల్లా పంచపట్మాలి కొండల బాక్సైట్‌లో ప్రధాన ఖనిజం అదే. లాంగ్మ్యూర్ చెప్పిన కారణం అసంపూర్ణమే కావచ్చు; ఆయన చూసినది మాత్రం ఆరు దశాబ్దాల పిమ్మట కూడా సత్యంగానే నిలిచింది.