గుడిని అడగడానికి వచ్చిన శాస్త్రవేత్త



2023 ఆగస్టు 23 సాయంత్రం మీరెక్కడున్నారో మీకు గుర్తుండే ఉంటుంది. మా లింగంపల్లి స్టేషనులో రైలు దిగినవారు దిగినట్టే సెల్‌ఫోనుల ముందు గుమికూడారు. చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువం దాపున క్షేమంగా దిగిందని తెలియగానే చప్పట్లు మోగాయి. ఆనాటి నుండి మన యువతీయువకులది ఒకటే ప్రశ్న. మన మనిషి అక్కడ అడుగు పెట్టేదెప్పుడు? 2040 నాటికి ఆ పని జరగాలని ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది.

పెద్దవారికి మాత్రం 1969 గుర్తుకు వస్తుంది. ఆ జూలై 21 సోమవారం, మన గడియారం ప్రకారం ఉదయం ఎనిమిదిన్నర వేళ, నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రునిపై కాలు మోపారు. హైదరాబాదుకు అప్పటికి టెలివిజన్ రాలేదు. జనం రేడియోలనూ పత్రికలనూ నమ్ముకున్నారు. ఇటలీలోని కాస్టెల్ గండోల్ఫోలో జగద్గురువులు ఆరవ పౌలు పాపుగారు వాటికన్ ఖగోళ పరిశోధనాలయం దూరదర్శినిలో చంద్రుణ్ణి చూసి, ఆ వ్యోమగాములను ఆశీర్వదించారు. లోకమంతా తలెత్తి పైకి చూస్తున్న ఆ సంవత్సరంలోనే తల వంచి పల్లెల వైపు చూసిన ఒక భారతీయుని కథ ఈ వారం మీకు చెబుతాను. చంద్రునిపై దిగిన నౌకకు పెట్టిన విక్రమ్ అన్న పేరు ఆయనదే. అది విక్రమార్క మహారాజు పేరనుకునే పిల్లలు మన సత్యోపదేశం తరగతుల్లో కూడా ఉన్నారు!

విక్రమ్ సారాభాయి 1919 ఆగస్టు 12న అహ్మదాబాదులో ఒక జైన కుటుంబంలో జన్మించారు. తండ్రి అంబాలాల్ గొప్ప బట్టల మిల్లుల యజమాని. ఎనిమిది మంది పిల్లలకూ ఇంట్లోనే బడి పెట్టించగల సంపన్నుడు. గాంధీగారు, రవీంద్రనాథ్ టాగూరు ఆ ఇంటికి వచ్చిన అతిథులు. మేనత్త అనసూయా సారాభాయి దారి వేరు. విక్రమ్ పుట్టడానికి ముందటి ఏడు, 1918లో, మిల్లు కార్మికుల సమ్మెలో ఆమె గాంధీగారితో కలిసి కూలీల పక్షాన నిలిచారు. ఎదుటి పక్షంలో ఉన్నది సొంత తమ్ముడే! కలిమి ఎంత ఉన్నా పేదవాడి ముఖం మరచిపోకుండా చేసేది ఇటువంటి మేనత్తలేమో.

కేంబ్రిడ్జిలో చదువుతుండగా యుద్ధం వచ్చింది. స్వదేశానికి తిరిగి వచ్చి బెంగుళూరులో సర్ సి. వి. రామన్ వద్ద విశ్వకిరణాలపై పరిశోధన సాగించారు. 1942లో నర్తకి మృణాళినిని వివాహమాడారు. 1947లో కేంబ్రిడ్జి డాక్టరేటు అందుకుని, అదే ఏడు నవంబరులో అహ్మదాబాదులో భౌతిక పరిశోధనాలయం స్థాపించారు. ఆ తరువాత స్థాపించిన సంస్థల జాబితా చాలా పొడుగు, దాన్ని వదిలేద్దాం. మనకు ముఖ్యమైనది తుంబా.

కేరళలో తిరువనంతపురం దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న బెస్తపల్లె తుంబా. భూమి అయస్కాంత మధ్యరేఖ ఆ ఊరి దాపునే పోతుంది. ఆకాశపు పై పొరలను రాకెట్లతో పరిశోధించడానికి అంతకన్నా అనువైన చోటు దొరకదు. అయితే ఆ చోటులో పునీత మగ్దల మరియమ్మగారి దేవాలయం ఉంది, మేత్రాణుల నివాసం ఉంది, చుట్టూ జాలరుల గుడిసెలున్నాయి. పునీత ఫ్రాన్సిస్ శౌరివారు ఆ తీరాన జ్ఞానస్నానమిచ్చిన వారి సంతతి వారు. 1962 ప్రాంతంలో సారాభాయి నేరుగా తిరువనంతపురం మేత్రాణులు పీటర్ బెర్నార్డ్ పెరేరాగారి వద్దకు వెళ్ళి సంగతి విన్నవించుకున్నారు. మేత్రాణులు అప్పటికప్పుడు ఏ మాటా ఇవ్వక, ఆదివారం దివ్యబలిపూజకు రమ్మన్నారట. ఆ పూజలో విశ్వాసులకు విషయమంతా వివరించి, దేవుని ఆలయాన్ని విజ్ఞానానికి ఇవ్వడానికి సమ్మతమేనా అని అడిగారట. అందరూ ఆమెన్ అన్నారని అబ్దుల్ కలాంగారు జీవితాంతం చెబుతూ వచ్చారు.

పాఠకులారా, ఇక్కడ కాస్త ఆగుదాం. దేవాలయంలో ఒక స్వరూపాన్ని ఈ పక్క నుండి ఆ పక్కకు మార్చితేనే విచారణలో నెల రోజులు మాటలు పడాలి. అది ఏ గురువును అడిగినా చెబుతారు. ఆ బెస్తవారు ఇచ్చింది తాతముత్తాతల నాడు వెలసిన గుడిని, పెళ్ళిళ్ళు జరిగిన పీఠాన్ని, వల ఆరేసుకునే ఇసుకను. వారికి వేరొక చోట ఇళ్ళు, కొత్త గుడి ఏర్పడ్డాయి. పాత గుడి రాకెట్ కేంద్రానికి మొదటి కార్యాలయమైంది. రాకెట్ భాగాలను సైకిలు మీద పెట్టి తోసుకుపోయిన రోజులవి. 1963 నవంబరు 21 సాయంత్రం అమెరికా ఇచ్చిన నైకీ-అపాచీ రాకెట్ తుంబా నుండి పైకి లేచి, సోడియం ఆవిరితో ఆకాశంలో నారింజ రంగు మేఘాన్ని పరచింది. మరునాడే అమెరికాలో, చంద్రునిపైకి మనిషిని పంపాలని సంకల్పం చెప్పిన కతోలిక అధ్యక్షుడు జాన్ కెన్నెడీ హత్యకు గురయ్యారు.

1966 జనవరిలో హోమీ భాభా విమాన ప్రమాదంలో మరణించాక అణుశక్తి సంఘం అధ్యక్ష పదవి కూడా సారాభాయి భుజాన పడింది. మన హైదరాబాదులో ఈసీఐఎల్ ఏర్పడింది ఆయన హయాంలోనే, 1967లో. దానిని తీర్చిదిద్దినవారు మన తెలుగువారైన అయ్యగారి సాంబశివరావుగారు.

ఇక 1969కి వద్దాం. చంద్రుని మీదికి మనుషులను పంపడంలో సంపన్న దేశాలతో పోటీపడే ఉబలాటం మనకు లేదని సారాభాయి బహిరంగంగానే చెప్పారు. మనిషికీ సమాజానికీ నిజంగా పనికివచ్చే చోట మాత్రం ఎవరికీ తీసిపోకూడదన్నది ఆయన పట్టుదల. జూలైలో ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రునిపై నడిచారు. ఆగస్టు 15న ఇస్రో పుట్టింది. సెప్టెంబరులో ఆ చంద్రయాత్ర చేయించిన నాసాతోనే సారాభాయి ఒప్పందం కుదుర్చుకున్నారు. అందులో చంద్రుని ఊసు లేదు! మన పల్లెలకు వ్యవసాయం, ఆరోగ్యం, చదువు చెప్పే టెలివిజన్ ప్రసారాలకు ఒక ఉపగ్రహాన్ని అరువిమ్మని అడిగారు. 1975 ఆగస్టు నుండి ఏడాది పాటు ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలు ఆ ప్రసారాలు చూశాయి. కోళ్ళ గూటికి వాడే తీగ వలతో చేసిన గొడుగులే యాంటెన్నాలు. పట్టణాలకన్నా ముందు పల్లెకు టీవీ వెళ్ళడం మన దేశంలో అరుదైన సంగతి. చాలామంది హైదరాబాదువాసుల కన్నా ముందు తెలుగు రైతు టెలివిజన్‌లో తెలుగు విన్నాడు.

పెద్ద రాకెట్లకు తూర్పు తీరం కావాలి కనుక 1969లోనే శ్రీహరికోటను ఎంచుకున్నారు. అప్పటి నెల్లూరు జిల్లా, ఇప్పటి తిరుపతి జిల్లా దీవి అది. 1971 అక్టోబరు 9న అక్కడి నుండి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. ఆ దీవి అడవిలో దుంపలు తవ్వుకుని, పులికాట్ నీళ్ళలో చేపలు పట్టుకుని బ్రతికిన యానాదులున్నారు. కేంద్రం రావడంతో వారి అడవికి కంచె పడింది, ఊళ్ళు ఖాళీ అయ్యాయి. తుంబా గుడి కథ దేశమంతా చెప్పుకుంటుంది. యానాదుల కథ ఎవరూ చెప్పరు. వారిని కూర్చోబెట్టి సమ్మతమా అని అడిగిన ఆదివారం ఒకటి ఉందని నేనెక్కడా చదవలేదు. సారాభాయి జీవితంలో నన్ను కలవరపెట్టే పుట ఇదే.

ఆయన ఆ తరువాత ఎక్కువ కాలం బ్రతకలేదు. తుంబా పనులు చూడడానికి వచ్చి, 1971 డిసెంబరు 30న కోవళం సముద్రతీరాన విడిదిలో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 52. మరుసటి డిసెంబరులో చంద్రునిపై చివరి అమెరికన్ నడిచి వెనుదిరిగాడు. ఆ తరువాత నేటివరకు అక్కడ మరొకరు కాలు మోపలేదు.

సారాభాయి అడిగిన పని మాత్రం ఆగలేదు. 1977 నవంబరు ఉప్పెన దివిసీమలో వేలమందిని మింగినప్పుడు తుఫాను కదలికను పైనుండి కనిపెట్టే సొంత ఉపగ్రహం మనకు లేదు. ఇన్సాట్‌లు 1980లలో వచ్చాయి. ఇవాళ మా లింగంపల్లికి అంత దూరం కాని ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది. సముద్రంలో చేపలెక్కడ దొరుకుతాయో ఉపగ్రహాల సమాచారం చూసి జాలరులకు కబురు పంపుతుంది, సునామీ వస్తే హెచ్చరిస్తుంది. తుంబా బెస్తవారి మనుమలకు కూడా ఆ కబురు అందుతుంది.

ఆయన పోయిన కొద్ది ఏళ్ళకే చంద్రునిపై ఒక గుంటకు సారాభాయి అని పేరు పెట్టారు. అది ఉన్న మైదానానికి 1651లో పేరు పెట్టినవారు యేసుసభ గురువు రిచ్చోలి. 2019లో విక్రమ్ పేరుతో వెళ్ళిన మొదటి నౌక చంద్రునిపై కూలిపోయింది. రెండవది 2023 జూలై 14న శ్రీహరికోట నుండి బయలుదేరి, ఆగస్టులో దిగి, సుమారు పన్నెండు రోజులు పనిచేసి సెప్టెంబరులో నిద్రపోయింది. మళ్ళీ లేవలేదు. ఇప్పటికీ అక్కడే ఉంది.