ఉత్తరాల మూటతోటి ఎగిరిన జేఆర్‌డీ

మా ఇబ్రహీంపట్నం మండలం ఆదిబట్లల టాటా వాళ్ల ఫ్యాక్టరీలున్నయి. అపాచీ యుద్ధ హెలికాప్టర్ బాడీ, సీ-130జే రవాణా ఇమానం తోక ఈడ్నే తయారైతయి. టాటా పేరు అందరికీ ఎరుకే. గని ఆ పేరును ఆకాశానికి ఎక్కించిన జేఆర్‌డీ టాటా సంగతి మా పోరగాండ్లకు అంతగ తెల్వది. నేను కంపెనీల భజన చేసెటోన్ని కాదు. అయినా ఈయన ముచ్చట చెప్పాలె.

1904 జూలై 29న పారిస్‌ల పుట్టిండు. తండ్రి పార్సీ, తల్లి ఫ్రెంచి ఆమె. ఇంగ్లిష్ చానల్‌ను ఇమానంల మొదటిసారి దాటిన బ్లెరియో కుటుంబం వాళ్లకు ఇరుగుపొరుగు. పిల్లగాని చూపు అప్పటిసంది మీదికే. కేంబ్రిడ్జిల ఇంజనీరింగ్ చదువుదామనుకున్నడు. 1925ల తండ్రి కంపెనీల పనికి రమ్మన్నడు, మరుసటేడే చనిపోయిండు. డిగ్రీ లేదు. పుస్తకాలు ముందటేసుకొని సొంతంగ నేర్సుకున్నడు. ఆయనకు తండ్రి ఆస్తి ఉండె, మనకు లేదు, అది మర్వొద్దు.

1929 ఫిబ్రవరి 10న పైలట్ లైసెన్సు వచ్చింది. మన దేశంల ఇచ్చిన మొట్టమొదటి లైసెన్సు అదే. 1930ల ఇండియా, ఇంగ్లండ్ నడుమ ఒంటరిగ ఎగిరే పోటీ పెట్టిన్రు. దారిల ఈజిప్టు కాడ పోటీదారు ఆస్పీ ఇంజనీర్ స్పార్క్ ప్లగ్గులు చెడిపోయి ఆగిపోయిండు. జేఆర్‌డీ తన దగ్గరున్నయి ఇచ్చిండు. ఇంజనీర్ గెలిచిండు, ఈయన ఓడిండు.

1932 అక్టోబర్ 15న కరాచీల చిన్న పస్ మాత్ ఇమానం ఎక్కిండు. అండ్ల ప్రయాణికులు లేరు, 25 కిలోల ఉత్తరాలున్నయి. అహ్మదాబాద్‌ల ఎడ్లబండి మీద తెచ్చిన డబ్బాల పెట్రోల్ పోసుకొని బొంబాయి జుహూల దిగిండు. ఆడికెల్లి ఆ మూటను నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదికెల్లి మద్రాసు దాక తీస్కపోయిండు. మన దేశంల ఇమాన సర్వీసు గిట్ల షురువైంది.

1945ల నిజాం సర్కార్ టాటాలతోటి కలిసి బేగంపేటల డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టింది. 1948 జూన్ 8న జేఆర్‌డీ ఇమానం లండన్‌కు ఎగిరింది. 1953ల సర్కార్ ఇమాన కంపెనీలను గుంజుకుంటె ఆయన వద్దన్నడు. అయినా అలిగి పోలే. ఎయిర్ ఇండియా ఛైర్మన్‌గ 25 ఏండ్లు జీతం లేకుండ పనిచేసిండు. సీటు కాడికెల్లి చాయ రంగు దాక తప్పులు రాసిచ్చెటోడు. 1978ల మొరార్జీ సర్కార్ ఆయనను తీసేసింది.

చెడు గూడ చెప్పాలె. 1975ల ఎమర్జెన్సీని ఆయన సమర్థించిండు. జనం జైళ్లల ఉన్నప్పుడు పెద్ద కంపెనీ అధిపతి సర్కార్ దిక్కు నిలబడుడు నా లెక్కల తప్పే. 1992ల భారతరత్న వచ్చింది. 1993 నవంబర్ 29న జెనీవాల కన్నుమూసిండు.

ఆయన ఛైర్మన్‌గ ఉన్నప్పుడే ఎయిర్ ఇండియా రెండు కాంకార్డ్‌లకు పేరు రాయించుకున్నది. శబ్దం కంటె జోరుగ ఉరికే ఇమానం అది. ఆఖరికి కొనలే. శబ్దాన్ని దాటంగ కింద పిడుగు పడ్డట్టు మోత, మస్తు పెట్రోల్ ఖర్చు, మామూలు మనిషికి అందని టికెట్. 2003ల కాంకార్డ్ ఎగురుడు బంద్ అయింది. తర్వాత అమెరికాల ఏరియన్ అనే కంపెనీ గసొంటి జోరు జెట్టునే షావుకార్ల కోసం తయారు చేస్తనన్నది. ఎక్కేది ఎనిమిది నుంచి పన్నెండు మంది, ధర 12 కోట్ల డాలర్లు. పైసలు పుట్టక ఒక్క జెట్టు గూడ లేపకుండనే 2021 మేల మూతపడ్డది.

ఇమానం ఎవల కోసం ఎగురుతుంది అన్నదే నా లెక్క. జేఆర్‌డీ మొదటి ఇమానానికి కాంకార్డ్ అంత జోరు లేకుండె, గని అండ్ల ఊరోళ్ల ఉత్తరం గూడ పోవచ్చు.

ఆదిబట్లల ఫ్యాక్టరీల కింద ఉన్న భూమి మా మండలానిది. గందుకే రెండు సంగతులు అడుగుతున్న. ఇక్కడి ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలకు ఆ షెడ్లల పని నేర్పాలె, గేటు కాడి కావలి పనితోటి సరిపెట్టొద్దు. లోకల్ పిల్లలు ఎంతమంది, ఏ పనిల ఉన్నరో ఏటా లెక్క జనం ముందట పెట్టాలె. డిగ్రీ లేని మనిషి పేరు మీద నడిచే ఇంట్ల మా పిల్లలకు గా పాటి మోకా అడుగుడు గొంతెమ్మ కోరిక కాదు.